ఆడపిల్లల అండాశయపు గడ్డలు: చిన్న రంధ్రమా, పెద్ద కోతయా?

(ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, గ్రామములలోని తల్లులు పాల్గొన్న ఆరోగ్య సభలో పిల్లల శస్త్రవైద్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు నేను మాట్లాడవలసిన విషయము కొంచెము కఠినమైనది. పిల్లలకు జ్వరము, దగ్గు, విరేచనములు వచ్చుట మీకందరకు తెలిసిన సంగతియే. కాని ఆరేండ్ల పిల్లకో, పన్నెండేండ్ల పిల్లకో అండాశయములో గడ్డ పుట్టుననిన, "అది పెద్ద ఆడవారికి వచ్చు జబ్బు గదా, పసిపిల్లకేమిటి?" అని చాలమంది ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్యము వెంట భయము, భయము వెంట సిగ్గు వచ్చును. ఈ మూడును కలిసి వైద్యమును ఆలస్యము చేయును.

తీరా ఆసుపత్రికి వచ్చి, ఆపరేషను తప్పదని తెలిసిన పిమ్మట తల్లిదండ్రులు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "డాక్టరు గారూ, కడుపు కోసి చేయుదురా, రంధ్రములు పెట్టి చేయుదురా?" ఆడపిల్ల, రేపు పెండ్లి కావలసిన పిల్ల, పొట్టమీద మచ్చ యుండునేమోయను దిగులు ఆ ప్రశ్నలో దాగియున్నది. అడుగుట న్యాయమే. అయితే సమాధానము మచ్చలో లేదు, గడ్డలో ఉన్నది. లోపలనున్నది ఏ జాతి గడ్డయో, అది పగులకుండ బయటికి వచ్చుటకు ఎంత ద్వారము కావలయునో, దానిని బట్టియే కోతను నిర్ణయింపవలెను. నేను చెప్పబోవునదంతయు ఈ ఒక్క మాటకు వివరణయే.

గడ్డలలో రకములు

ఆడపిల్ల పుట్టునప్పటికే ఆమె పొత్తికడుపులో గర్భసంచికి ఇరుప్రక్కల రెండు అండాశయములుండును. పసితనములో ఒక్కొక్కటి చిక్కుడుగింజంత. పెద్దయైన పిమ్మట బాదంకాయంత. ముందు తరమునకు బీజములైన అండములన్నియు వీనిలోనే దాగియుండును. పిల్ల ఈడేరుటకు, ఎముకలు గట్టిపడుటకు వలయు రసములు కూడ ఇక్కడినుండియే పుట్టును.

ఈ అండాశయములలో గడ్డ పుట్టుట పిల్లలలో అరుదు. లక్షమంది బాలికలలో సంవత్సరమునకు ఇద్దరికో ముగ్గురికో వచ్చునని అంచనా. ఆపరేషను వరకు వచ్చిన గడ్డలలో గూడ సుమారు పదింట ఒకటి రెండు మాత్రమే కాన్సరు జాతివి, తక్కినవి సాధువులు. కావున "గడ్డ" అను మాట చెవిని పడగానే గుండె జారవలసిన పని లేదు.

మొదటి రకము నీటితిత్తులు. పెద్దమనిషియైన పిల్లలలో నెలనెల అండము విడుదలయగు సందర్భమున చిన్న నీటితిత్తి ఏర్పడి, కొన్ని వారములలో తానే కరగిపోవుట సర్వసాధారణము. ఇట్టివానిని స్కానింగుతో మరల చూచుకొనిన చాలును. ప్రతి నీటితిత్తికి కత్తి అక్కరలేదు.

రెండవ రకము డెర్మాయిడు గడ్డ. పిల్లల అండాశయములలో నిజముగా పెరుగు గడ్డలలో ఇదియే ఎక్కువ. దానిని కోసి చూచినచో లోపల కొవ్వు, వెంట్రుకలు, ఒక్కొక్కప్పుడు పండ్లు కూడ కనబడును. ఇది చూచి చేతబడియని, గాలి సోకినదని భ్రమపడినవారున్నారు. అట్టిదేమియు లేదు. బిడ్డ శరీరములోని సమస్త అవయవములను నిర్మింపగల శక్తి బీజకణములకు గలదు. ఆ కణములు దారి తప్పి అండాశయములోనే పని మొదలుపెట్టినందున ఆ వెంట్రుకలు, పండ్లు పుట్టినవి. ఇది సాధుగడ్డ. కాని అప్పుడప్పుడు రెండవవైపున కూడ వచ్చును గనుక రెండు అండాశయములను చూడవలసియుండును.

మూడవ రకము కాన్సరు గడ్డలు. పెద్ద స్త్రీలలో అండాశయపు కాన్సరు సాధారణముగా పైపొర నుండి పుట్టును. పిల్లలలో అట్లుగాక, ఎక్కువగా ఆ బీజకణములనుండియే పుట్టును. ఇందు ఒక మేలు గలదు. బీజకణముల కాన్సరు మందులకు బాగుగా లొంగును. 1978లో అమెరికాలో వాడుకకు అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్ అను మందు వచ్చుటకు ముందు, ఇందులోని కొన్ని జాతుల గడ్డలు పట్టిన పిల్లలలో అధికసంఖ్యాకులు బ్రతుకలేదు. నేడు సకాలములో, సరియైన పద్ధతిలో చికిత్స జరిగినచో అత్యధికులు బ్రతికి, చదువుకొని, సంసారములు చేసికొనుచున్నారు.

తల్లి కంట పడవలసిన గురుతులు

కడుపు ఉబ్బుట, పొత్తికడుపులో గట్టిగా చేతికి తగులుట, మాటిమాటికి నొప్పి, మూత్రమునకు పలుమారులు పోవుట, మలబద్ధము, ఇవి ముఖ్యమైన గురుతులు. స్నానము చేయించు తల్లి చేతికే గడ్డ మొట్టమొదట తగులుట కద్దు. "కడుపులో బల్ల" అని చెప్పి చురకలు పెట్టించుట, కడుపు గట్టిగా తోమించుట మిక్కిలి ప్రమాదము. తోమినందువలన గడ్డ కరగదు, పగులవచ్చును.

అయిదారేండ్ల పిల్లకే రొమ్ములు పెరుగుట, రక్తము కనబడుట వంటివి జరిగినచో, "తొందరగా ఈడేరినది" అని ఊరుకొనరాదు. రసములను స్రవించు గడ్డ అండాశయములో ఉన్నదేమో చూపింపవలెను.

ఇక చాల ముఖ్యమైన మాట. పదునాలుగేండ్ల పిల్లకు కడుపు పెరుగుచుండిన, లోకము ముందుగా ఏమనుకొనునో మీకు తెలియును. మందుల షాపునుండి గర్భపరీక్ష పట్టీ తెచ్చి చూచుదురు. గర్భవతులలో పుట్టు రసమునే బీజకణపు గడ్డలు కొన్ని స్రవించును. అందువలన గర్భము లేకపోయినను ఆ పట్టీమీద రెండు గీతలు పడవచ్చును. అటువంటి పిల్లను కొట్టి, తిట్టి, గదిలో పెట్టి తాళము వేసినచో, ఆ రోజులన్నియు గడ్డ పెరుగుటకు ఇచ్చిన రోజులగును. ముందు స్కానింగు చేయింపుడు. నింద వేయుటకు ఏ తొందరయు లేదు. స్కానింగునకు తొందర గలదు.

ఒక గురుతు మాత్రము ఆ క్షణముననే కదలింపవలసినది. ఆటలాడుచున్న పిల్ల అకస్మాత్తుగా పొత్తికడుపు పట్టుకొని విలవిలలాడి, వాంతులు చేసికొనినచో, బరువెక్కిన అండాశయము తన కాడమీద మెలిపడియుండవచ్చును. మెలిపడిన గొట్టములో నీరు పారనట్లే, మెలిపడిన కాడలో రక్తము పారదు. నొప్పి తగ్గుటకు ఒక ఇంజెక్షను వేయించి తెల్లవారువరకు చూతమనుకొనిన అండాశయము పోవచ్చును. అది రాత్రియైనను సరే, 108కి కబురు చేయుడు.

కడుపు తెరచు పద్ధతి

ఇప్పుడు రెండు మార్గముల సంగతి చెప్పెదను. కడుపు తెరచి అండాశయపు గడ్డను తీయుటకు చరిత్రలో పేరుపొందిన దినము 1809వ సంవత్సరము డిసెంబరు 25. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున డాన్విల్ అను ఊరిలో ఎఫ్రాయిమ్ మెక్‌డొవెల్ అను వైద్యుడుండెను. జేన్ టాడ్ క్రాఫర్డ్ అను ఆమెకు కడుపు విపరీతముగా పెరుగగా, కవలపిల్లలని, నెలలు దాటినవని అక్కడి వైద్యులు తలచిరి. మెక్‌డొవెల్ పరీక్షించి, గర్భము కాదు, గడ్డయని చెప్పెను. ఆమె సుమారు 60 మైళ్ళు గుఱ్ఱముమీద ప్రయాణము చేసి ఆయన యింటికి వచ్చెను. అప్పటికి మత్తుమందు లేదు. ఈథరు మత్తు లోకమునకు తెలిసినది 1846లో. క్రిములను చంపు మందులతో గాయమును కాపాడు పద్ధతిని లిస్టర్ ప్రకటించినది 1867లో. అట్టి కాలమున 25 నిమిషములలో, 22 పౌన్లకు మించిన, అనగా సుమారు 10 కిలోల గడ్డను ఆయన తీసివేసెను. ఆమె కోలుకొని ఇంటికి మరలిపోయి, మరి 32 సంవత్సరములు జీవించెను.

ఆనాటి పద్ధతికి నేటి పద్ధతికి పోలికయే లేదు. నేడు పిల్లకు పూర్తి మత్తు నిత్తురు. సాధ్యమైనచోట పొత్తికడుపు క్రింది ముడతలో అడ్డముగా కోయుదురు. ఆ మచ్చ బట్టల మాటున దాగును. గడ్డ చాల పెద్దదైనను, కాన్సరు అనుమానమున్నను నిలువుగా కోయవలసిరావచ్చును. ఈ పద్ధతిలో వైద్యుడు గడ్డను కంటితో చూచి, చేతితో తాకి, రెండు అరచేతుల నడుమ పట్టి పగులకుండ పైకి తీయగలడు. నష్టములు లేకపోలేదు. నొప్పి ఎక్కువ, ఆసుపత్రిలో మరికొన్ని దినములుండవలెను, లోపల ప్రేగులు ఒకదానికొకటి అతుకుకొను అవకాశము కూడ కొంచెమెక్కువ.

చిన్న రంధ్రముల పద్ధతి

రెండవది లాప్రోస్కోపు పద్ధతి. కుటుంబ నియంత్రణ ఆపరేషనుల వలన ఈ పేరు మన గ్రామములకు క్రొత్త కాదు. 1901లో జర్మనీలో గేయార్గ్ కెల్లింగ్ కుక్క కడుపులోనికి గొట్టపు అద్దమును పంపి చూచెను. 1910లో స్వీడన్ దేశీయుడు యాకోబేయస్ మనుష్యుల కడుపులో చూచినట్లు ప్రకటించెను. చాలకాలము ఇది ఎక్కువగా చూచుటకే ఉపకరించెను. 1980లో జర్మన్ స్త్రీవైద్యుడు కుర్ట్ సెమ్ ఈ మార్గముననే అపెండిక్సును తీసెను. తరువాత సన్నని పరికరములు, మంచి కెమేరాలు వచ్చినకొలది పిల్లల వైద్యమునకు కూడ ఈ పద్ధతి విస్తరించెను.

బొడ్డు వద్ద ఒకటి, ప్రక్కల రెండు రంధ్రములు సాధారణముగా పెట్టుదురు. వాని వెడల్పు మూడు నుండి పది మిల్లీమీటర్లు. కార్బన్ డయాక్సైడు వాయువుతో కడుపును కొంచెము ఉబ్బించి, లోపల పని చేయుటకు చోటు కల్పింతురు. పిల్లలలో ఆ వాయువు ఒత్తిడి పెద్దవారికంటె తక్కువగా ఉంచవలెను. కెమేరా చూపు బొమ్మ టెలివిజను తెరమీద పెద్దదిగా కనబడును. నొప్పి తక్కువ, పిల్ల త్వరగా లేచి తిరుగును, త్వరగా అన్నము తినును, తరచు ఒకటి రెండు దినములలో ఇంటికి పోవును. మచ్చలు కంటికి ఆనవు. రెండవ అండాశయమును, కాలేయము క్రింది భాగమును సైతము ఆ రంధ్రములనుండియే చూడవచ్చును.

ఇది కూడ సంపూర్ణమైన ఆపరేషనే. కోత చిన్నదైనంత మాత్రమున మత్తు చిన్నది కాదు, లోపలి పని చిన్నది కాదు. రక్తస్రావము గలిగినను, గడ్డ అతుకుకొనియున్నను మధ్యలో ఆపి కడుపు తెరవవలసివచ్చును. అట్లు తెరచిన వైద్యుని "చేతగాక కోసినాడు" అనరాదు. మొండిపట్టు పట్టక మార్గము మార్చుకొనుట నేర్పునకు గురుతు.

గడ్డ పగిలిన ఏమగును?

రెండు మార్గములలోను ఒక్క ప్రమాదమును గూర్చి వైద్యుడు నిత్యము జాగరూకుడై యుండును. అది గడ్డ పగులుట. మీ పొలముగట్టుమీద వయ్యారిభామ మొక్కను చూచియుందురు. పూత రాకముందు వేరుతో పెరికి గోనెలో వేసిన పీడ వదలును. విత్తు పండిన పిమ్మట దులిపినచో, మరుసటి యేడు గట్టంతయు అదియే. కాన్సరు గడ్డయు అట్టిదే. తొడుగు చెడకుండ బయటికి వచ్చినచో వ్యాధి అండాశయము వరకే ఉన్నదని చెప్పగలము. ఆపరేషను బల్లమీద అది పగిలినచో, లోపలి కణములు కడుపులో చిందును. పిల్లల కాన్సరు వైద్యులు వాడు దశల లెక్కలో మొదటి దశ పిల్ల ఆ ఒక్క సంఘటనతో రెండవ దశకు జారును.

ఇది కాగితముమీది మార్పు మాత్రమే కాదు. తొడుగు చెడకుండ పూర్తిగా వచ్చిన మొదటి దశ పిల్లలలో కొందరిని, కాన్సరు మందులీయకుండ, రక్తపరీక్షలతోను స్కానింగులతోను కనిపెట్టి చూడవచ్చును. పగిలిన పిమ్మట మందులు తప్పనిసరియగును. ఆ మందులు ప్రాణము నిలుపునవే. కాని సిస్‌ప్లాటిన్ చెవులను, మూత్రపిండములను, బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను దెబ్బతీయవచ్చును. పొట్టమీద నాలుగంగుళముల గీతను తప్పించుటకై ఆ పిల్లను నెలల తరబడి మందులకు గురిచేసితిమా, మనము చేసిన బేరము నష్టపు బేరము.

ఇదే కారణమున, కాన్సరు అనుమానమున్న గడ్డను ముందుగా సూదితో పొడిచి ముక్క తీసి పరీక్షించుట సాధారణముగా చేయరు. పొడిచిన చోట తొడుగు తెగినట్లే గదా! ముక్క పరీక్ష ముందు జరుగదు. గడ్డ మొత్తము బయటికి వచ్చిన తరువాతనే జరుగును. "ముందు పరీక్ష చేయకుండ ఆపరేషను చేసిరి" అని కొందరు సందేహింతురు గనుక ఈ సంగతి చెప్పుచున్నాను.

డెర్మాయిడు పగిలిన అంత అపాయము లేదు. అయితే అందలి జిడ్డు కడుపులో చింది, అరుదుగా వాపు కలిగించును. అందుచేత సంచిలో పెట్టి తీయుట, చిందినచో బాగుగా కడుగుట ఆచారము.

లెక్కలు చదువు విధము

"లాప్రోస్కోపు చేయించుకొన్న పిల్లలు త్వరగా ఇంటికి పోవుచున్నారు, రక్తము తక్కువ పోవుచున్నది, చిక్కులు తక్కువ, కావున అదియే మేలు" అని మీరు వినియుందురు. అనేక ఆసుపత్రుల లెక్కలు నిజముగానే అట్లు చెప్పును. అయినను ఆ లెక్కలను జాగ్రత్తగా చదువవలెను.

గోదావరి కాలువ క్రింది మాగాణిలో ఒక రైతు క్రొత్త నాగలితో దున్నినాడు. అనంతపురము మెట్టలో మరియొక రైతు పాత నాగలితో దున్నినాడు. మాగాణిలో పంట ఎక్కువ వచ్చినది. అది నాగలి గొప్పయా, నీటి గొప్పయా? ఇక్కడ కూడ అంతే. చిన్నవి, నీరు నిండినవి, సాధువులు అనుకొన్న గడ్డలను వైద్యులు రంధ్రముల పద్ధతికి ఎంచుకొందురు. పెద్దవి, గట్టివి, అనుమానము గలవి కడుపు తెరచు పద్ధతికి పోవును. పెద్ద గడ్డగల పిల్ల ఆలస్యముగా కోలుకొనుట సహజము. ఆ తేడానంతయు కోత ఖాతాలో వ్రాయుట న్యాయము కాదు. ఈ విషయమున మనకున్న లెక్కలు చాలవరకు ఇట్లు గడచిన రోగుల రికార్డులనుండి తీసినవే.

అందుచేత ఆ లెక్కలనుండి తీయదగిన సారాంశ మిది. సాధుగడ్డయని ముందుగా నమ్మకము చిక్కినచోట రంధ్రముల పద్ధతి పిల్లకు నిజముగా మేలు. అనుమానమున్నచోట ఆ మేలు కంటె గడ్డ చెదరకుండ వచ్చుట ముఖ్యము.

ఏ గడ్డకు ఏ మార్గము?

అనుమానమును తేల్చుటకు మూడు సాధనములున్నవి. ఒకటి స్కానింగు. లోపల నీరే యున్నదా, గట్టి భాగమున్నదా, ఎంత పరిమాణము, కడుపులో నీరు చేరినదా, ఇవి తెలియును. అవసరమైన ఎం.ఆర్.ఐ. తీయుదురు. రెండు రక్తపరీక్షలు. ఆల్ఫా ఫీటో ప్రొటీను, బీటా హెచ్.సి.జి. మొదలగు పదార్థములు కొన్ని కాన్సరు గడ్డలలో పెరుగును. అయితే ఏడాదిలోపు పసికందులలో ఆల్ఫా ఫీటో ప్రొటీను సహజముగానే ఎక్కువగా ఉండును గనుక, వయస్సును చూచి ఫలితమును చదువవలెను. మూడు, పిల్లను చేతితో పరీక్షించుట. ఈ మూడును చూడకుండ మార్గమును నిర్ణయించుట, నేల చూడకుండ విత్తనము కొనుటవంటిది.

నీటితిత్తియో, చిన్న డెర్మాయిడో అయి, రక్తపరీక్షలు మామూలుగా ఉన్నచో రంధ్రముల పద్ధతి తగును. గట్టి భాగములుండి, ఎనిమిది పది సెంటీమీటర్లు మించి, రక్తపరీక్షలు పెరిగియున్నచో కడుపు తెరచుటయే క్షేమము. అప్పుడు వైద్యుడు గడ్డను మాత్రము తీసి ఊరుకొనడు. కడుపులోని నీటిని పరీక్షకు తీయును. ప్రేగుల ముందున్న కొవ్వు తెరను, గ్రంథులను, రెండవ అండాశయమును పరిశీలించి, అనుమానమున్నచోట ముక్క తీయును. ఈ పరిశీలన తక్కువైనచో తరువాత మందులు ఎన్ని ఈయవలెనో తేలదు.

ఈ రెంటికి నడుమ మరొక దారి గలదు. పొట్ట నిండిన గడ్డయైనను లోపల అంతయు నీరే యైనచో, కొందరు వైద్యులు చిన్న కోత పెట్టి, గడ్డ పైభాగమునకు సంచిని అతికించి, ఆ సంచిలోనుండియే నీటిని బయటికి లాగి, కడుపులో ఒక్క చుక్కయు పడకుండ కుదించి బయటికి తీయుదురు. కావున "రంధ్రమా, కోతయా" అను రెండు మాటలలోనే ప్రశ్న ఇమడదు.

అండాశయమును నిలుపుట

తల్లులారా! ద్వారము ఎంతయను దానికంటె మీరు గట్టిగా అడుగవలసిన ప్రశ్న మరొకటి గలదు: "అండాశయము మిగులునా?" సాధుగడ్డయైనచో గడ్డను మాత్రము ఒలిచి, ఆరోగ్యముగా మిగిలిన అండాశయమును నిలుపుటకు ప్రయత్నింపవలెను. ఇది రెండు పద్ధతులలోను సాధ్యమే. పైన మచ్చలేకుండ లోపల సాధువైన అండాశయమును పూర్తిగా తీసివేసినచో, పిల్లకు మనము చేసిన ఉపకార మేమి?

మెలిపడిన అండాశయము నల్లబడి కనబడినను వెంటనే తీసివేయరాదు. మెలి విప్పినచో రక్తముగడ్డలు ఊపిరితిత్తులకు పోవునను భయమున పూర్వము దానిని తీసివేయుచుండిరి. ఆ భయము నిరాధారమని అనుభవము తేల్చినది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ అబ్స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ అను స్త్రీవైద్యుల సంస్థ 2019లో, యుక్తవయస్కులలో ఇట్టి మెలిని చిన్న రంధ్రముల మార్గముననే విప్పి, రంగు ఎట్లున్నను అండాశయమును నిలుపవలెనని సలహా ఇచ్చినది. నల్లగా కనబడిన అండాశయము తిరిగి ప్రాణము పోసికొనుట తరచు జరుగును.

కాన్సరు గడ్డయైనచో ఆ వైపు అండాశయమును తీయుట తప్పదు. అంతమాత్రమున పిల్ల జీవితము ఆగిపోదు. రెండవ అండాశయము, గర్భసంచి నిలిచియున్నచో ఆమె ఈడేరును, నెలసరి వచ్చును, తల్లి కూడ కాగలదు. ఈ మాట మీ మీ గ్రామములలో పదిమందికి చెప్పుడు. "ఒక ప్రక్క తీసివేసిరట, ఇక పిల్లలు పుట్టరట" అను పుకారు ఆ పిల్లను గడ్డకంటె ఎక్కువ కాలము బాధించును.

మీరు అడుగవలసినవి, చేయవలసినవి

ఆపరేషనుకు సంతకము చేయుటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగుడు. గడ్డ సాధువైనదా, అనుమానము గలదా? రక్తపరీక్షలు చేసితిరా? అండాశయమును నిలుపగలరా? ఈ మార్గముననే ఎందుకు చేయుచున్నారు? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. అనుమానమున్నచో పిల్లల శస్త్రవైద్యులు, పిల్లల కాన్సరు వైద్యులు కలిసి చూచు పెద్ద ఆసుపత్రికి పోవుట మేలు. తెలుగునాట 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకముల క్రింద ఏ చికిత్సకు ఎంత సహాయము లభించునో ఆసుపత్రిలోనే ఆ పథకపు ఉద్యోగిని అడిగి తెలిసికొనుడు. ఆధార్, రేషను కార్డులు వెంట తీసికొనిపొండు. ఖర్చునకు భయపడి పొలము బేరము పెట్టుటకు ముందు ఈ అడుగు వేయుడు.

తీసిన గడ్డను తప్పక పరీక్షకు పంపింపుడు; ఆ కాగితమును, డిశ్చార్జి కాగితమును భద్రముగా దాచుడు. రంధ్రముల పద్ధతి తరువాత ఒకటి రెండు దినములు భుజమున నొప్పి యుండవచ్చును. అది మిగిలిన వాయువు వలన వచ్చునది, తానే పోవును. జ్వరము, ఆగని వాంతులు, కుట్టువద్ద చీము, కడుపు ఉబ్బరము కనబడిన వెంటనే చూపింపుడు. పథ్యమని చెప్పి పాలు, గ్రుడ్డు, పప్పు మాన్పింపకుడు. గాయము మానుటకు అవియే బలము.

కాన్సరు గడ్డయైనచో, మరల రమ్మన్న తేదీని ఆపరేషనంత ముఖ్యముగా ఎంచుడు. పెరిగియున్న ఆల్ఫా ఫీటో ప్రొటీను, గడ్డ పోయిన పిమ్మట వారము వారము తగ్గుచు రావలెను. తగ్గక నిలిచినను, తగ్గి మరల పెరిగినను, కంటికి ఏమియు కనబడకముందే అది మనలను హెచ్చరించును. పిల్ల ఆడుచు పాడుచు తిరుగుచున్నదని పరీక్షలు మానరాదు. ఈ విషయమున ఆశా కార్యకర్తలు ఆ యింటి గడప త్రొక్కి తేదీ గుర్తుచేసినచో, ఏ శస్త్రవైద్యుడును చేయలేని మేలు చేసినవారగుదురు.

సోదరీమణులారా! పెద్ద కోతను చూచి భయపడవలదు. చిన్న రంధ్రమును చూచి మురిసిపోవలదు. మొదట పిల్ల ప్రాణము, పిమ్మట ఆమె అండాశయము, ఆ తరువాతనే ఆమె పొట్టమీది గీత. ఈ వరుస తప్పనిచోట రెండు పద్ధతులును మంచివే. తప్పినచోట రెండును చెడ్డవే. మన గ్రామములో ఏ పిల్లయైనను పొత్తికడుపు పట్టుకొని మూలగా కూర్చుండిన, సిగ్గుపడకుండ చెప్పుకొనుటకు ఆమెకొక పెద్దదిక్కు కావలెను. ఆ పెద్దదిక్కు మీరు కావలెనని కోరుచున్నాను.